క్రిప్టో కరెన్సీ సాఫ్ట్‌వేర్ నిర్మాణం, పరీక్షలకు కట్టుదిట్టమైన లినక్స్ వ్యవస్థ: బిట్‌కాయిన్ కోర్ ఆధారంగా ఒక వివరణ

వ్యాససంగ్రహం:

క్రిప్టో కరెన్సీ సాఫ్ట్‌వేర్‌లో ఒక లెక్క తప్పినా, అందులో చాటుగా కొన్ని పంక్తుల కోడ్ చేరినా కలిగే ధననష్టాన్ని పూడ్చే సంస్థ గాని, అధికారి గాని సాధారణంగా ఉండరు. కాబట్టి ఆ సాఫ్ట్‌వేర్‌తో పాటు దాన్ని నిర్మించి పరీక్షించే కంప్యూటర్ కూడా భద్రతాచర్చలో భాగమవుతుంది. బిట్‌కాయిన్ కోర్‌ను ఉదాహరణగా, డెబియన్ లినక్స్‌ను పునాదిగా తీసుకొని అటువంటి కంప్యూటర్‌ను ఏ క్రమంలో సిద్ధం చేయాలో, ప్రతి దశకు కారణమేమిటో ఈ వ్యాసం వివరిస్తుంది. వ్యవస్థకు తాళాలు వేయడం అవసరమే అయినా, లోపలికి వచ్చే ప్రతిదాన్నీ సరిచూడటం, బయటికి వెళ్ళే ఫలితాన్ని ఇతరులు సరిచూడగలిగేలా ఉంచడం అంతకంటె ముఖ్యమని నిజంగా జరిగిన సంఘటనల ఆధారంగా నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: లినక్స్, డెబియన్, బిట్‌కాయిన్ కోర్, హార్డెనింగ్, డిజిటల్ సంతకం, పునరుత్పాదక నిర్మాణం, రెగ్‌టెస్ట్, యాదృచ్ఛికత.

1. ఉపోద్ఘాతం

2008 అక్టోబరు 31న సతోషీ నకమోటో అనే పేరుతో తొమ్మిది పుటల పత్రం ఒకటి వెలువడింది. బ్యాంకు వంటి మధ్యవర్తి లేకుండా ఇద్దరు వ్యక్తులు నేరుగా డబ్బు మార్చుకొనే పద్ధతిని అది ప్రతిపాదించింది. 2009 జనవరి 3న తొలి బ్లాకుతో బిట్‌కాయిన్ వ్యవస్థ మొదలైంది. ఈ వ్యవస్థలో యాజమాన్యానికి పత్రాలు, సాక్షులు ఉండరు. 256 బిట్ల ప్రైవేట్ కీ ఎవరి చేతిలో ఉంటే నాణేలు వారివే. బ్యాంకు ఖాతాలో పొరపాటు జరిగితే శాఖకు వెళ్ళి అర్జీ పెట్టుకోవచ్చు, చెక్కును నిలిపివేయించవచ్చు. బ్లాక్‌చెయిన్‌లో స్థిరపడిన చెల్లింపుకు అటువంటి అవకాశం లేదు.

సాఫ్ట్‌వేర్‌లో చిన్న తప్పు ఎంత దూరం వెళ్ళగలదో ఆ మరుసటి ఏడాదే తేలింది. 2010 ఆగస్టు 15న 74,638వ బ్లాకులో నమోదైన ఒక లావాదేవీ 18,446 కోట్లకు పైగా బిట్‌కాయిన్‌లను సృష్టించింది. మొత్తం ఎన్నటికీ 2.1 కోట్లకు మించకూడదన్నది ఆ వ్యవస్థ మూలనియమం. లావాదేవీలోని మొత్తాలను కూడేటప్పుడు వచ్చే సంఖ్య కంప్యూటర్ కేటాయించిన పరిమితిని దాటుతుందేమోనన్న తనిఖీ లేకపోవడమే దీనికి కారణం. కొన్ని గంటల్లోనే సవరించిన సాఫ్ట్‌వేర్ విడుదలైంది. తప్పుడు బ్లాకు ఉన్న గొలుసును పక్కకు నెట్టి సరైన గొలుసు ముందుకు సాగింది. ఆనాడు వాడుకదారులు కొద్దిమందే కావడం వల్ల ఇది సాధ్యమైంది.

ఇది సోర్స్ కోడ్‌లోని తప్పు. చదివినవారెవరైనా దాన్ని పట్టుకోగలరు. మరొక రకమైన ప్రమాదం ఉంది. సోర్స్ కోడ్ నిర్దుష్టంగా ఉన్నప్పటికీ, దాని నుంచి తయారైన ప్రోగ్రామ్ వేరుగా ఉండవచ్చు. మనిషి చదివే కోడ్‌ను యంత్రం నడిపే బైనరీగా మార్చే పని ఒక కంప్యూటర్‌లో జరుగుతుంది. ఆ కంప్యూటర్, అందులోని కంపైలర్, దానికి అందిన గ్రంథాలయాలు వీటిలో ఏ ఒక్కటి కలుషితమైనా ఫలితం కలుషితమవుతుంది. కాబట్టి నిర్మాణం జరిగే కంప్యూటర్ ఎలా ఉండాలన్న ప్రశ్నను విడిగా పరిశీలించవలసి ఉంది.

2. కట్టుదిట్టం: నిర్వచనం, పరిధి

సాంకేతిక పరిభాషలో హార్డెనింగ్ అనే మాటను ఈ వ్యాసంలో ‘కట్టుదిట్టం చేయడం’ అనే అర్థంలో గ్రహించడం జరిగింది. అనవసరమైన సేవలను తొలగించడం, అవసరమైన వాటికి కనీస అధికారాలే ఇవ్వడం, ఒక భాగంలో జరిగిన హాని మరొక భాగానికి పాకకుండా అడ్డుకట్ట వేయడం, జరిగిన ప్రతి మార్పూ తెలిసేలా ఉంచడం దీని ప్రధానాంగాలు.

దేన్ని కాపాడాలో తెలియకుండా ఎలా కాపాడాలో నిర్ణయించలేం. నిర్మాణ వ్యవస్థలో కాపాడవలసినవి నాలుగు: (అ) విడుదలపై సంతకం చేసే కీలు, నాణేల కీలు, (ఆ) సోర్స్ కోడ్, (ఇ) కంపైలర్ మొదలైన పనిముట్లు, (ఈ) తయారైన బైనరీ. మొదటిది బయటికి పొక్కకూడదు. మిగిలిన మూడూ బహిరంగమే అయినా మారిపోకూడదు. ఒకదానికి గోప్యత, మిగిలినవాటికి సమగ్రత కావాలి. ఈ భేదాన్ని గుర్తించని వ్యవస్థలో తాళాలు చాలా ఉన్నా కాపలా తక్కువగా ఉంటుంది.

3. పునాది: ఆపరేటింగ్ సిస్టమ్‌ను సరిచూడటం

లినక్స్ పంపిణీలలో డెబియన్ స్థిరశాఖను ఎన్నుకోవడానికి రెండు కారణాలు చెప్పవచ్చు. ఇందులో కొత్త ప్యాకేజీలు దీర్ఘకాలం పరీక్షకు నిలిచిన తర్వాతే ప్రవేశిస్తాయి. భద్రతా సవరణలు మాత్రం వెంటనే అందుతాయి. 2023 జూన్‌లో 12వ స్థిరవిడుదల, 2025 ఆగస్టులో 13వ స్థిరవిడుదల వచ్చాయి.

స్థాపనకు ముందే తొలి సరిచూపు జరగాలి. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ వెబ్‌సైట్‌లోకి చొరబడినవారు డౌన్‌లోడ్ లంకెను మార్చి, దొంగదారి అమర్చిన ప్రతిని సందర్శకులకు అందించారు. ఆనాడు ఆ ప్రతిని స్థాపించుకొన్నవారు ఆ తర్వాత ఎన్ని తాళాలు వేసినా ప్రయోజనం ఉండదు. ఎందుకంటే తాళాలు వేసే చేయి కూడా దొంగదే.

ఇక్కడ హాష్‌కు, సంతకానికి ఉన్న తేడాను గమనించాలి. హాష్ అనేది ఫైలులోని ప్రతి బిట్‌పై ఆధారపడి వచ్చే నిర్ణీత పరిమాణపు సంఖ్య. ఒక్క బిట్ మారినా హాష్ పూర్తిగా మారుతుంది. అయితే ఫైలును మార్చగలిగిన చొరబాటుదారుడు అదే వెబ్‌సైట్‌లో ఉన్న హాష్‌ను కూడా మార్చగలడు. డిజిటల్ సంతకాన్ని మాత్రం సంబంధిత ప్రైవేట్ కీ లేనిదే సృష్టించలేడు. డెబియన్ తన విడుదల ప్రతుల హాష్‌ల పట్టికపై సంతకం చేసి ప్రకటిస్తుంది. ముందుగా సంతకాన్ని, ఆ తర్వాత పట్టికలోని హాష్‌ను, చివరగా ఫైలును సరిచూడటం సరైన క్రమం. సంతకం చేసిన కీ వేలిముద్రను ఒకటికంటె ఎక్కువ మార్గాల్లో సేకరించి పోల్చుకోవడం మంచిది.

స్థాపనలో డెస్క్‌టాప్ హంగులు లేకుండా కనీస ప్యాకేజీలే ఎంచుకోవాలి. డిస్కు మొత్తాన్ని లక్స్ పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేయాలి. యంత్రం దొంగతనానికి గురైనప్పుడు ఇది రక్షిస్తుంది. యంత్రం నడుస్తున్నంతసేపు డిస్కు తెరిచే ఉంటుంది కాబట్టి ఈ రక్షణకు పరిధి ఉందని గుర్తుంచుకోవాలి.

4. తాళాలు: వ్యవస్థాపరమైన అమరికలు

స్థాపన పూర్తయ్యాక చేయవలసిన అమరికలు ఇవి:

(అ) ఖాతాలు: నిర్వహణకు, నిర్మాణానికి, పరీక్షకు వేరువేరు ఖాతాలు ఉండాలి. నిర్మాణ ఖాతాకు రూట్ అధికారం ఉండకూడదు. దూరం నుంచి ప్రవేశం అవసరమైతే ఎస్ఎస్‌హెచ్‌లో పాస్‌వర్డ్ ప్రవేశాన్ని, నేరుగా రూట్ ప్రవేశాన్ని ఆపి, కీలతో మాత్రమే అనుమతించాలి.

(ఆ) నెట్‌వర్క్: ఎన్‌ఎఫ్‌టేబుల్స్ ద్వారా లోపలికి వచ్చే అనుసంధానాలన్నిటినీ నిరాకరించి, అవసరమైన వాటికే మినహాయింపు ఇవ్వాలి. బయటికి వెళ్ళే మార్గాన్ని కూడా నియంత్రించాలి. దొంగ కోడ్ లోపలికి వచ్చినా దొంగిలించినదాన్ని పంపించడానికి దారి ఉండకూడదు.

(ఇ) కెర్నల్: కెర్నల్ లోపలి చిరునామాలు, సందేశాలు సాధారణ ఖాతాలకు కనిపించకుండా చేయాలి. రూట్ కాని ఖాతాలు బీపీఎఫ్ ప్రోగ్రాములను ఎక్కించకుండా ఆపాలి. ఒక ప్రక్రియ మరొక ప్రక్రియ జ్ఞాపకంలోకి తొంగిచూడకుండా యామా అనే రక్షణను అమలులో ఉంచాలి.

(ఈ) ఆప్‌ఆర్మర్: ఒక్కొక్క ప్రోగ్రామ్ ఏ ఫైళ్ళను తాకవచ్చో నిర్దేశించే ఈ సౌకర్యం డెబియన్‌లో 10వ విడుదల నుంచి తానుగానే అమలులో ఉంటుంది. బిట్‌కాయిన్ కోర్ వంటి ప్రోగ్రాములకు విడిగా నియమావళి రాసుకోవచ్చు.

(ఉ) జ్ఞాపకపు జాడలు: ప్రోగ్రామ్ కూలిపోయినప్పుడు దాని జ్ఞాపకం మొత్తం కోర్ డంప్ అనే ఫైలుగా డిస్కుపై పడుతుంది. అందులో కీలు కూడా ఉండవచ్చు. కీలు ఉండే యంత్రంలో కోర్ డంప్‌లను నిలిపివేయాలి. స్వాప్‌ను ఎన్‌క్రిప్ట్ చేయాలి లేదా తొలగించాలి.

ఈ తాళాలు కొన్నిచోట్ల పనికి అడ్డువస్తాయి. దోషాన్వేషణకు వాడే జీడీబీ వంటి పనిముట్టు మరొక ప్రక్రియలోకి చూడవలసిందే. యామాను మొదటి స్థాయిలో ఉంచితే జీడీబీ తాను ప్రారంభించిన ప్రక్రియను పరిశీలించగలుగుతుంది. అంతకంటె కఠినమైన రెండవ స్థాయి నిర్వాహక అధికారం ఉన్నవారికే ఆ వీలు ఇస్తుంది. అలాగే జ్ఞాపక చిరునామాలను కలగాపులగం చేసే రక్షణను కొత్త వ్యవస్థలు 32 బిట్లకు పెంచినప్పుడు, జ్ఞాపక దోషాలను పట్టుకొనే శానిటైజర్ల పాత వెర్షన్లు పనిచేయక మొరాయించాయి. దాన్ని 28 బిట్లకు తగ్గించడం తాత్కాలిక పరిష్కారమైంది. భద్రతకు, పనికి మధ్య వచ్చే ఈ ఘర్షణకు పరిష్కారం రక్షణలను ఒకటొకటిగా సడలించడంలో లేదు. పనులను వేరుచేయడంలో ఉంది.

5. గదులు: పనుల విభజన

ఒకే యంత్రంలో ఇంటర్నెట్ చూడటం, కోడ్ రాయడం, నిర్మించడం, పరీక్షించడం, కీలను దాచడం కలిసి జరిగితే బలహీనమైన పనే మొత్తం వ్యవస్థ బలాన్ని నిర్ణయిస్తుంది. ఆతిథేయ యంత్రాన్ని అత్యంత కఠినంగా ఉంచి, దానిపై కేవీఎం ద్వారా వర్చువల్ మెషీన్లను ఏర్పాటు చేయడం ఒక మార్గం. ఈ విభజననే మూలసూత్రంగా చేసుకొని, జెన్ ఆధారంగా రూపొందిన క్యూబ్స్ ఓఎస్ మరొక మార్గం.

కనీసం మూడు గదులు అవసరం. నిర్మాణగదిలో కంపైలర్, సోర్స్ కోడ్ మాత్రమే ఉంటాయి. పరీక్షగదిలో దోషాన్వేషణ పనిముట్లు, శానిటైజర్లు ఉంటాయి. ఇక్కడ రక్షణలను సడలించినా నష్టం ఆ గదికే పరిమితం. మూడవది సంతకపు గది. విడుదలపై సంతకం చేసే కీ ఇక్కడ ఉంటుంది. దీన్ని వర్చువల్ మెషీన్‌గా కాక, నెట్‌వర్క్‌తో ఏనాడూ కలపని వేరే యంత్రంగా గాని, కీని బయటికి ఇవ్వని హార్డ్‌వేర్ పరికరంగా గాని ఉంచడం శ్రేయస్కరం.

ఈ విభజన ఎందుకు అవసరమో చెప్పే ఉదాహరణ ఒకటుంది. రూట్ కాని ఖాతాలు యూజర్ నేమ్‌స్పేస్‌లను సృష్టించకుండా ఆపమని చాలా భద్రతా సూచికలు చెబుతాయి. కెర్నల్‌లోని అనేక లోపాలను వాడుకోవడానికి అది దారి కల్పించడమే అందుకు కారణం. కాని బిట్‌కాయిన్ కోర్ విడుదలలను నిర్మించే గ్విక్స్ పద్ధతిలో సాధారణ ఖాతా ఏకాంత కంటెయినర్‌ను తెరవడానికి ఆ సౌకర్యమే కావాలి. ఆతిథేయ యంత్రంలో దాన్ని ఆపి, నిర్మాణగదిలో మాత్రం అనుమతిస్తే రెండు ప్రయోజనాలూ నెరవేరుతాయి.

6. లోపలికి వచ్చే కోడ్

ఇంటి తలుపులన్నీ గట్టిగా వేసినా, ధాన్యపు బస్తాలో దాక్కొని వచ్చినవాణ్ణి ఆపలేం. కట్టుదిట్టమైన యంత్రం కూడా తనకు అందిన విషపూరిత కోడ్‌ను నమ్మకంగా కంపైల్ చేస్తుంది. ఈ విషయాన్ని నిరూపించిన సంఘటనలు రెండింటిని పరిశీలించవచ్చు.

మొదటిది 2018 నాటిది. ఈవెంట్-స్ట్రీమ్ అనే ప్రసిద్ధ జావాస్క్రిప్ట్ ప్యాకేజీ నిర్వహణను మూలరచయిత నుంచి స్వీకరించిన వ్యక్తి, దానికి ఫ్లాట్‌మ్యాప్-స్ట్రీమ్ అనే మరొక ప్యాకేజీని ఆధారంగా చేర్చాడు. అందులోని దొంగ కోడ్ ఎన్‌క్రిప్ట్ చేసి ఉంది. కోపే అనే బిట్‌కాయిన్ వాలెట్‌ను నిర్మించేటప్పుడు మాత్రమే అది విచ్చుకొని, వాలెట్‌లోకి చేరి కీలను దొంగిలించేలా రాశారు. ఇతర ప్రోగ్రాములలో అది నిద్రాణంగానే ఉండిపోయింది. ఆ ఏడాది నవంబరులో విషయం బయటపడింది.

రెండవది 2024 నాటి ఎక్స్‌జడ్ ఉదంతం. అనేక లినక్స్ పంపిణీలలో ఉండే ఈ కుదింపు సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి చేరింది. దాన్ని చేర్చినది ఏళ్ళ తరబడి సహకరించి నమ్మకం సంపాదించిన సహనిర్వాహకుని ఖాతా. దొంగదారిని మేల్కొలిపే లిపి బహిరంగ గిట్ భాండారంలో లేదు. విడుదల చేసిన కుదింపు ఫైలులో మాత్రమే ఉంది. డెబియన్ లేదా ఆర్‌పీఎం ప్యాకేజీగా నిర్మిస్తున్నారా అని చూసుకొని మరీ అది పనిచేసేది. ఎస్ఎస్‌హెచ్ ప్రవేశం దాదాపు అర సెకను ఆలస్యమవుతున్నదని గమనించి, కారణాన్ని వెతుకుతూ వెళ్ళిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ మార్చి 29న దీన్ని లోకానికి తెలిపాడు. డెబియన్ స్థిరశాఖకు ఆ వెర్షన్లు చేరనేలేదు. స్థిరశాఖను ఎన్నుకోవడంలోని ఔచిత్యం ఇక్కడ స్పష్టమవుతుంది.

వీటి నుంచి మూడు నియమాలు ఏర్పడతాయి. సోర్స్ కోడ్‌ను గిట్ భాండారం నుంచే తీసుకొని, విడుదల ట్యాగ్‌పై ఉన్న సంతకాన్ని సరిచూడాలి. ఆధార గ్రంథాలయాల సంఖ్యను తగ్గించి, ప్రతిదాని వెర్షన్‌నూ హాష్‌నూ ముందే నమోదు చేయాలి. వాటిని డౌన్‌లోడ్ చేయడం ఒక దశగా, నిర్మించడం మరొక దశగా విడదీసి, రెండవ దశలో నెట్‌వర్క్‌ను పూర్తిగా తెంచాలి. బిట్‌కాయిన్ కోర్ ఆధారాల వ్యవస్థలో ప్రతి గ్రంథాలయానికీ ఎస్‌హెచ్‌ఏ-256 హాష్ నమోదై ఉంటుంది. హాష్ సరిపోలకపోతే నిర్మాణం ఆగిపోతుంది.

7. నిర్మాణం: కంపైలర్‌ను నమ్మడం ఎలా?

యూనిక్స్ రూపకర్తలలో ఒకరైన కెన్ థాంప్సన్ 1984లో ప్రచురితమైన తన ట్యూరింగ్ పురస్కార ప్రసంగంలో ఈ ప్రశ్నను మూలానికి తీసుకువెళ్ళాడు. లాగిన్ ప్రోగ్రామ్‌ను కంపైల్ చేసేటప్పుడు దొంగదారిని చేర్చే కంపైలర్‌ను ఊహించమన్నాడు. అది తననుతాను కంపైల్ చేసుకొనేటప్పుడు ఆ దుర్గుణాన్ని కొత్త ప్రతిలోకి కూడా సంక్రమింపజేస్తుంది. ఆ తర్వాత సోర్స్ కోడ్‌ల నుంచి ఆ జాడలన్నిటినీ తొలగించినా దుర్గుణం తరతరాలుగా కొనసాగుతుంది. కోడ్‌ను చదవడం ఒక్కటే చాలదని దీని సారాంశం.

దీనికి సమాధానంగా రూపొందినది పునరుత్పాదక నిర్మాణం. ఒకే సోర్స్ కోడ్‌ను వేరువేరు వ్యక్తులు, వేరువేరు యంత్రాలలో నిర్మించినా బిట్టు బిట్టుకూ ఒకే బైనరీ రావడమే దీని లక్షణం. సాధారణ నిర్మాణంలో ఇది జరగదు. నిర్మించిన సమయం, ఫోల్డర్ పేరు, ఫైళ్ళు చదివిన వరుస, భాషాపరమైన అమరికలు బైనరీలోకి చొరబడి తేడాలు కలిగిస్తాయి. వీటిని ఒకటొకటిగా స్థిరపరచాలి. ఉదాహరణకు నిర్మాణ సమయానికి బదులుగా సోర్స్ కోడ్ చివరిసారి మారిన సమయాన్ని వాడతారు.

తెలుగు పరిశోధకులకు పాఠపరిష్కరణ పరిచితమైన విషయమే. వేరువేరు చోట్ల దొరికిన తాళపత్ర ప్రతులను పోల్చి ప్రక్షిప్తాలను గుర్తించే పద్ధతికి ఇది కొంత దగ్గరగా ఉంటుంది. ఒక ప్రతిలో మాత్రమే కనిపించే పద్యంపై పరిష్కర్తకు అనుమానం కలిగినట్లే, ఒక యంత్రంలో మాత్రమే వచ్చిన బైనరీపై నిర్మాతకు అనుమానం కలగాలి. అయితే ఒక ముఖ్యమైన భేదం ఉంది. పరిష్కర్త పాఠాంతరాల మధ్య తన పాండిత్యంతో తీర్పు చెబుతాడు. ఇక్కడ తీర్పుకు తావులేదు. ఒక్క బిట్ తేడా వచ్చినా కారణం తేలేవరకు విడుదల ఆగవలసిందే.

బిట్‌కాయిన్ కోర్ మొదట గిటియన్ అనే పద్ధతిని, 2021లో వెలువడిన 22.0 వెర్షన్ నుంచి గ్విక్స్‌ను అనుసరిస్తున్నది. కంపైలర్‌తో సహా పనిముట్లన్నిటి వెర్షన్లనూ గ్విక్స్ నిర్ణీతంగా నిలుపుతుంది. థాంప్సన్ సమస్యకు కూడా అది మూలంలోనే సమాధానం వెతికింది. 2023లో ప్రకటించిన సంపూర్ణ మూలాధార నిర్మాణంలో 357 బైట్ల అతి చిన్న ప్రోగ్రామ్ నుంచి మొదలై, మెట్టు మెట్టుగా కంపైలర్‌ను సోర్స్ కోడ్ నుంచే నిర్మించుకోవచ్చు. అంత చిన్న ప్రోగ్రామ్‌ను మనిషి స్వయంగా చదివి సరిచూడగలడు.

ఎవరికివారు నిర్మించి, తమకు వచ్చిన హాష్‌లపై సంతకం చేసి బహిరంగ భాండారంలో ఉంచుతారు. విడుదల వెంట వచ్చే హాష్‌ల పట్టికపై అనేకుల సంతకాలు ఉంటాయి. ఒక నిర్మాత యంత్రం కలుషితమైతే అతని హాష్ మిగిలినవారితో కలవదు. కలుషితమైన బైనరీని చాటుగా విడుదల చేయాలంటే వారందరి యంత్రాలనూ ఒకే విధంగా లోబరుచుకోవలసి ఉంటుంది.

వాడుకదారుల వైపు నుంచి హాష్ తనిఖీకి ఉన్న విలువను 2019 నవంబరు నాటి మొనెరో సంఘటన చూపింది. ఆ కరెన్సీ అధికారిక వెబ్‌సైట్ కొద్దిసేపు దొంగ బైనరీలను అందించింది. డౌన్‌లోడ్ చేసిన ఫైలు హాష్ ప్రకటిత హాష్‌తో సరిపోలడం లేదని ఒక వాడుకదారుడు గమనించడంతో అది వెలుగులోకి వచ్చింది.

నిర్మాణ సమయంలోనే బైనరీకి కూడా కొన్ని రక్షణలు సమకూర్చవచ్చు. స్టాక్ చెడిపోతే గుర్తించడం, ప్రోగ్రామ్‌ను ఏ చిరునామాలోనైనా నడిచేలా చేయడం, అనుసంధాన పట్టికలను చదవడానికి మాత్రమే పరిమితం చేయడం వంటివి ఇందులో చేరతాయి. బిట్‌కాయిన్ కోర్ నిర్మాణంలో ఇవి తామంతటతామే అమలవుతాయి.

8. పరీక్ష: నిజమైన డబ్బుకు దూరంగా

పరీక్షగదిలో నిజమైన నాణేల కీ ఉండకూడదన్నది మొదటి నియమం. ఇందుకోసం బిట్‌కాయిన్ కోర్ ప్రత్యేక వ్యవస్థలను సమకూర్చింది. రెగ్‌టెస్ట్‌లో బ్లాక్‌చెయిన్ పూర్తిగా ఆ యంత్రంలోనే ఉంటుంది. ఆజ్ఞాపించిన వెంటనే బ్లాకులు పుడతాయి. తొలి బ్లాకుల ప్రతిఫలం 50 నాణేలు. బ్లాకు ప్రతిఫలం 100 బ్లాకులు గడిస్తే తప్ప ఖర్చు పెట్టరాదన్న నియమం ఇక్కడా వర్తిస్తుంది కాబట్టి, పరీక్షలు సాధారణంగా 101 బ్లాకులను సృష్టించడంతో మొదలవుతాయి. అసలు వ్యవస్థలో 2,10,000 బ్లాకులకు ఒకసారి ప్రతిఫలం సగమైతే, రెగ్‌టెస్ట్‌లో 150 బ్లాకులకే సగమవుతుంది. ఏళ్ళు పట్టే మార్పును నిమిషాల్లో పరీక్షించవచ్చు. ఇతర యంత్రాలతో కలిసి పరీక్షించడానికి సిగ్నెట్, టెస్ట్‌నెట్4 ఉన్నాయి.

పరీక్షలలో నాలుగు అంచెలున్నాయి. ఒక్కొక్క ఫంక్షన్‌ను విడిగా చూసే యూనిట్ పరీక్షలు, పైథాన్‌లో రాసిన ప్రవర్తనా పరీక్షలు, అడ్డదిడ్డమైన దత్తాంశాన్ని కోట్ల సార్లు అందించి కూలుతుందేమో చూసే ఫజ్ పరీక్షలు, జ్ఞాపక దోషాలను పట్టుకొనే శానిటైజర్ పరీక్షలు.

ఇంతటి వ్యవస్థను కూడా దాటిపోయిన లోపం ఒకటి 2018 సెప్టెంబరు 17న బయటపడింది. ఒకే నాణేన్ని ఒకే లావాదేవీలో రెండుసార్లు ఖర్చు పెడుతున్నారేమోనన్న తనిఖీ మరొకచోట జరుగుతున్నదని భావించి, వేగం కోసం బ్లాకు పరిశీలనలో దాన్ని వదిలివేశారు. 0.14 వెర్షన్‌లో దీనివల్ల ప్రోగ్రామ్ కూలిపోయే ప్రమాదం ఉండగా, 0.15 నుంచి లేని నాణేలను సృష్టించే వీలు ఏర్పడింది. మరునాడే 0.16.3 వెర్షన్‌లో సవరణ విడుదలైంది. బిట్‌కాయిన్‌లో దీన్ని ఎవరూ దుర్వినియోగం చేయలేదు. ‘మరొకచోట తనిఖీ జరుగుతున్నది’ అన్న ప్రతి నమ్మకానికీ ఒక పరీక్ష రాసి ఉంచాలన్నది ఇందులోని పాఠం.

9. యాదృచ్ఛికత: కంటికి కనిపించని ఆధారం

ప్రైవేట్ కీ బలమంతా దాన్ని ఎవరూ ఊహించలేకపోవడంలో ఉంది. ఊహించలేని సంఖ్యలను ఆపరేటింగ్ సిస్టమ్ అందించాలి. ఇక్కడ లోపం ఉంటే ప్రోగ్రామ్ సక్రమంగానే నడుస్తుంది. పరీక్షలు కూడా నెగ్గుతాయి. డబ్బు పోయిన తర్వాత గాని విషయం తెలియదు.

డెబియన్ చరిత్రలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ గ్రంథాలయంపై వాల్‌గ్రైండ్ అనే పరీక్షా పనిముట్టు ఇచ్చిన హెచ్చరికలను ఆపడానికి 2006లో కొన్ని పంక్తులను తొలగించారు. యాదృచ్ఛికతను చేర్చే పంక్తి కూడా వాటితో పోయింది. మిగిలిన ఆధారం ప్రక్రియ సంఖ్య ఒక్కటే. ఒక్కొక్క రకపు కీకి 32,767 అవకాశాలే మిగిలాయి. 2008 మే 13న ప్రకటన వెలువడేవరకు బలహీనమైన కీలు తయారవుతూనే ఉన్నాయి. పరీక్షా పనిముట్టు మౌనం వహించడమే సాఫీగా ఉన్నదనడానికి నిదర్శనం కాదని ఈ ఉదంతం తెలుపుతుంది.

2013 ఆగస్టులో ఆండ్రాయిడ్ యాదృచ్ఛిక సంఖ్యల లోపం వల్ల కొన్ని బిట్‌కాయిన్ వాలెట్ల నుంచి నాణేలు పోయాయి. 2023లో లిబ్‌బిట్‌కాయిన్ ఎక్స్‌ప్లోరర్ అనే పనిముట్టు 32 బిట్ల ఆధారంతోనే వాలెట్ బీజాలను తయారుచేస్తున్నదని తేలింది. 32 బిట్లంటే దాదాపు 429 కోట్ల అవకాశాలు. మనిషికి అది పెద్ద సంఖ్యే కాని, కంప్యూటర్ వాటన్నిటినీ వరుసగా ప్రయత్నించి చూడగలదు.

వర్చువల్ మెషీన్లకు ఇక్కడ ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. యంత్రం స్థితిని భద్రపరిచి, దాన్ని రెండుసార్లు పునరుద్ధరిస్తే రెండింటిలోనూ ఒకే యాదృచ్ఛిక స్థితి ఉండవచ్చు. అప్పుడు వేరువేరుగా ఉండవలసిన సంఖ్యలు ఒకటే అవుతాయి. 2022లో వచ్చిన లినక్స్ 5.18 కెర్నల్ పునరుద్ధరణను గుర్తించి, స్థితిని మార్చే ఏర్పాటు చేసింది. అయినప్పటికీ విలువైన కీలను పరీక్షకు వాడే వర్చువల్ మెషీన్‌లో తయారుచేయకపోవడమే క్షేమం. ప్రోగ్రాములు సొంత పద్ధతులను ఆశ్రయించక, కెర్నల్ అందించే గెట్‌రాండమ్ పిలుపునే వాడాలి. వ్యవస్థ మొదలైనప్పుడు తగినంత యాదృచ్ఛికత సమకూరేవరకు అది జవాబు ఇవ్వకుండా వేచి ఉంటుంది.

10. ముగింపు

పై పరిశీలన ద్వారా గ్రహించిన అంశాలు:

1. నిర్మాణ వ్యవస్థలో గోప్యత అవసరమైనవి, సమగ్రత అవసరమైనవి వేరువేరు. వాటిని గుర్తించిన తర్వాతే రక్షణలు నిర్ణయించాలి.

2. ఆపరేటింగ్ సిస్టమ్ ప్రతి మొదలుకొని ఆధార గ్రంథాలయాల వరకు లోపలికి వచ్చే ప్రతిదాని సంతకాన్ని, హాష్‌ను సరిచూడాలి. లినక్స్ మింట్, ఈవెంట్-స్ట్రీమ్, ఎక్స్‌జడ్ సంఘటనలు మూడింటిలోనూ ప్రమాదం అధికారికంగా కనిపించిన ద్వారం నుంచే వచ్చింది.

3. భద్రతకు, పనికి మధ్య ఘర్షణ వచ్చినప్పుడు రక్షణలను సడలించడం కంటె పనులను వేరువేరు గదులకు మార్చడం మేలు.

4. ఒంటరి యంత్రం ఎంత కట్టుదిట్టమైనదైనా దాని నిర్దోషిత్వాన్ని అదే నిరూపించుకోలేదు. వేరువేరు యంత్రాలలో ఒకే ఫలితం రావడమే తగిన ప్రమాణం.

5. పరీక్షలు రెగ్‌టెస్ట్ వంటి విలువలేని నాణేలతోనే జరగాలి. యాదృచ్ఛికతను మాత్రం పరీక్షల ఫలితాలను బట్టి నమ్మరాదు. దాని మూలాన్ని కోడ్‌లోనే పరిశీలించాలి.

ఈ ఏర్పాట్లలో ఖరీదైన సామగ్రి అవసరమయ్యేవి తక్కువ. రెగ్‌టెస్ట్‌కు వందల గిగాబైట్ల బ్లాక్‌చెయిన్‌ను డౌన్‌లోడ్ చేయవలసిన పనిలేదు. సాధనాలన్నీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా లభిస్తాయి. కంప్యూటర్ విజ్ఞానం బోధించే కళాశాలలో ఇద్దరు విద్యార్థులు రెండు వేరువేరు యంత్రాలలో ఒకే విడుదలను గ్విక్స్‌తో నిర్మించి, తమ హాష్‌లను ఒకదానితో ఒకటి, ఆ తర్వాత ప్రకటిత పట్టికతో పోల్చి చూడటం ప్రయోగశాల అభ్యాసంగా చేయించవచ్చు. హాష్‌లు కలిస్తే ఆ విడుదల ప్రకటిత కోడ్ నుంచే వచ్చిందని వారే స్వయంగా తేల్చుకొన్నవారవుతారు. కలవకపోతే తేడా ఎక్కడ పుట్టిందో వెతకడమే వారికి తొలి పరిశోధనాంశం అవుతుంది.